వార్త కట్టుబడి

నంద్యాల నుంచి కడప రోడ్డు పట్టుకుని సుమారు నలభై కిలోమీటర్లు పోతే ఆళ్లగడ్డ. అక్కడి షెడ్లలో శిల్పులు దేవతా విగ్రహాలు చెక్కుతుంటారు. ఉలి ఆనించకముందే వాళ్లు రాతిని సుత్తితో తట్టి వింటారు. కంగుమంటే గట్టి రాయి. శబ్దం బొంగురుపోతే లోపలెక్కడో బీట ఉన్నట్టు. పైకి ఎంత నునుపుగా కనిపించినా ఆ రాతిని పక్కన పెడతారు.

పత్రికల్లో ఒక రకం వార్తను నేను చాన్నాళ్లుగా ఇట్లాగే తట్టి వింటున్నాను. పోలీసుల చేతుల్లో మనిషి దెబ్బలు తిన్న వార్త, ప్రాణం పోగొట్టుకున్న వార్త. జిల్లా పేజీలో ఏ మూలనో ఉంటుంది. ఏడెనిమిది వాక్యాలకు మించదు. దాన్ని రాయికి రాయి ఊడదీసి పరిస్తే, ఆ మనిషి కులం, మతం, పుట్టిన తండా అందులో ఎక్కడ కూర్చున్నాయో కనబడుతుంది. తిట్ల రూపంలో ఉండవు. చాలాసార్లు కులం పేరే ఉండదు. మరి ఎక్కడుంటాయంటే, ముందుగా క్రియాపదం చివరి అక్షరంలో.

తెలుగులో గౌరవం క్రియకే అతుక్కుని ఉంటుంది. సీఐ ‘తెలిపారు’, డీఎస్పీ ‘వెల్లడించారు’, ఎమ్మెల్యే అరెస్టయినా ‘అరెస్టయ్యారు’. ఆటో డ్రైవరు ‘అరెస్టయ్యాడు’. కూలీ ‘మృతి చెందాడు’. కూలీ భార్య అయితే ‘మృతి చెందింది’. ఇంగ్లీషు పత్రికకు ఈ పరికరం లేదు. అక్కడ నల్లజాతి యువకుడు చనిపోయినా, కమిషనరు మాట్లాడినా క్రియ రూపం ఒకటే. జాతి భేదం వేరే సందుల్లోంచి దూరాలి. మన దగ్గర వాక్యం ముగిసేలోగా ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని తేల్చక తప్పదు. భాషే అడుగుతుంది, రాసేవాడు ‘డు’ అనో ‘రు’ అనో జవాబు చెప్పాలి. ఆ జవాబును ఎవరూ కూర్చుని ఆలోచించరు. చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఊళ్లో ఎవరిని ‘రా’ అంటామో ఎవరిని ‘రండి’ అంటామో ఆ అలవాటే వేళ్లలోంచి అచ్చులోకి దిగుతుంది.

దీన్ని గమనించి చనిపోయినవాళ్లందరికీ ‘రు’ వాడాలని పట్టుబట్టే సబ్ ఎడిటర్లు ఉన్నారు. రాత్రి తొమ్మిది దాటాక, పేజీ వదలాల్సిన హడావుడిలో, మండలం నుంచి వచ్చిన వార్తలో ‘చెందాడు’ను ‘చెందారు’ చేస్తారు. మారింది ఒక్క అక్షరం, కానీ వార్త మొత్తం వినిపించే తీరు మారిపోతుంది. ‘ఆయన్ను అదుపులోకి తీసుకున్నారు’ అన్న వాక్యం చదవగానే ‘ఎందుకు?’ అనిపిస్తుంది. ‘అతడిని’ అన్నప్పుడు ఆ ప్రశ్న అంత త్వరగా లేవదు. బైలైన్ లేని ఇలాంటి పనికి నేను లోలోపల నమస్కరిస్తుంటాను.

ఇప్పుడు మొత్తం కట్టుబడిని ఒకచోట పెట్టి చూద్దాం. ఇది ఏ కేసుకూ చెందింది కాదు, నమూనాగా నేను అల్లింది. అయినా చదివేవారికి ఎక్కడో చూసినట్టే ఉంటుంది:

‘చోరీ కేసులో అనుమానితుడు అస్వస్థతకు గురై మృతి చెందాడు. పోలీసులు తెలిపిన వివరాల ప్రకారం, పట్టణానికి చెందిన ఫలానా వ్యక్తి (35) పాత నేరస్తుడు. విచారణ నిమిత్తం అతడిని అదుపులోకి తీసుకున్నారు. విచారణ జరుగుతుండగా ఛాతీలో నొప్పి రావడంతో ఆసుపత్రికి తరలించగా, అప్పటికే మృతి చెందినట్లు వైద్యులు నిర్ధారించారు. పోలీసులు కొట్టడం వల్లే చనిపోయాడని కుటుంబ సభ్యులు ఆరోపిస్తూ బోరున విలపించారు. కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నట్లు సీఐ వెల్లడించారు.’

ఆరు వాక్యాలు. అతుకులు ఎంత బిగువుగా ఉన్నాయో చూడండి. ఎవరో కుట్ర పన్ని కట్టింది కాదు ఇది. దశాబ్దాలుగా రోజూ అదే తీరున రాసి రాసి, గడప రాయిలా అరిగి నునుపుదేరింది. అందుకే దాని పనితనం తెలుసుకోవాల్సి వస్తుంది.

మొదటి వాక్యంలో మొదటి మాట ‘చోరీ’. మనిషి కంటే ముందు నేరం వచ్చి కూర్చుంది. చావు వార్తకు పునాదిరాయిగా దొంగతనాన్ని వేశాక, పైన ఏం కట్టినా దాని మీదే నిలబడుతుంది. రెండో వాక్యంలో ‘పాత నేరస్తుడు’. ఈ మాటకు కోర్టు తీర్పు అక్కర్లేదు. స్టేషనులో సస్పెక్ట్ షీటు ఉంటే చాలు. మూడో వాక్యానికి కర్త లేడు. ఎవరు తీసుకున్నారు, ఎక్కణ్నుంచి, ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నవేమీ లేవు. తెలుగు వాక్యం కర్త లేకుండా హాయిగా నడుస్తుంది. అది మన భాషకున్న సొగసు. ఆ సొగసునే ఇక్కడ అవసరానికి వాడుకున్నారు. నాలుగో వాక్యంలో నొప్పి ‘వచ్చింది’, శరీరం ‘తరలింది’, మరణాన్ని వైద్యులు ‘నిర్ధారించారు’. స్టేషనులో ఉన్న మనుషులెవ్వరూ ఏ పనీ చేయలేదు. అన్నీ వాటంతటవే జరిగాయి.

అయిదో వాక్యం నాకు అన్నిటికంటే ఎక్కువ పాఠం చెప్పింది. పోలీసులు ‘తెలిపారు’, ‘వెల్లడించారు’. కుటుంబం ‘ఆరోపించింది’, ‘వాపోయింది’, ‘విలపించింది’. తెలపడం, వెల్లడించడం అంటే ఉన్న నిజాన్ని బయటపెట్టడం. ఆరోపించడమంటే రుజువు కావలసిన మాట అనడం. వాపోవడంలో అసలు మాటే లేదు, ఏడుపు ఉంది. భార్య తను కళ్లారా చూసింది చెబుతున్నా, ఆ క్రియ వల్ల ఆమె సాక్షి కాకుండా పోతుంది, దుఃఖంలో ఉన్న మనిషి మాత్రమే అవుతుంది. దాని పక్కన ఫొటో పడితే అదీ ఏడుస్తున్న ఫొటోయే పడుతుంది. ఇద్దరికీ ‘చెప్పారు’ అనే సాదా మాట వాడితే చాలు. సీఐ గుండెపోటు అని చెప్పారు, భార్య కొట్టారని చెప్పారు. తక్కెడ రెండు సిబ్బెలూ ఒక ఎత్తుకు వస్తాయి. ఏది నిజమో పోస్టుమార్టం, మేజిస్ట్రేటు తేలుస్తారు.

ఫొటో మాట వచ్చింది కాబట్టి ప్రెస్‌మీట్ ఫొటో సంగతీ చెప్పాలి. కుర్చీల్లో అధికారులు, బల్ల మీద స్వాధీనం చేసుకున్న సొత్తు, వెనక వరుసలో ముఖాలకు గుడ్డలు కప్పిన నిందితులు. ఆ గుడ్డ గుర్తింపు దాచడానికే. అయితే కింద రైటప్‌లో పేరు, వయసు, కాలనీ లేదా తండా పేరు అన్నీ ఉంటాయి. మన ప్రాంతంలో పేరు చదివితే మతం, చాలాసార్లు కులం తెలిసిపోతాయి. కాలనీ పేరు చెబితే మిగిలింది తెలుస్తుంది. ముఖం కప్పి ఊరు చెప్పడం వల్ల ఒక మనిషి మాయమై ఒక వాడ మొత్తం ఫొటోలోకి వచ్చి నిలబడుతుంది.

ఈ పనికి పాత చరిత్ర ఉంది. 1871లో వచ్చిన నేరస్త తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి విస్తరించారు. నంద్యాల ప్రాంతం ఉన్న కర్నూలు జిల్లా అప్పుడు అందులోదే. పుట్టుకే నేరానికి సాక్ష్యమన్నది ఆ చట్టం సారం. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ వాళ్లు ఎరుకలవాళ్ల కోసం సెటిల్‌మెంటు పెట్టి, ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. ఆ ఊరి పేరు తర్వాత తెలుగు పత్రికల్లో విశేషణంగా మారింది. ఫలానా దొంగ స్టూవర్టుపురానికి చెందినవాడని రాస్తే ఇంకేమీ రాయక్కర్లేకపోయింది. చట్టాన్ని మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దు చేశారు. విశేషణం రద్దు కావడానికి గెజిట్ ఏదీ లేదు. ‘హాబిచ్యువల్ అఫెండర్’ అన్న పేరుతో అదే నీడ జైలు మాన్యువళ్లలో ఇంకా ఉందని, కులాన్ని బట్టి పనులు పంచుతున్నారని తవ్వి తీసింది ఒక విలేకరి, సుకన్యా శాంత. ఆమె చేసిన పని సాదాగానే కనిపిస్తుంది. ఒక్కో రాష్ట్రం జైలు మాన్యువల్ తెప్పించుకుని చదివారు. ఎవరూ చదవని పుస్తకాలవి. తర్వాత ఆమే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 అక్టోబరు 3న కోర్టు ఆ నిబంధనలను కొట్టేసి, జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. గడి తీసేయించడం గొప్ప పని. మరో చోట, లేని గడిని పెట్టడం గొప్ప పని. ఆ సంగతికి తర్వాత వస్తాను.

కేసులను చూసేముందు ఒక మాటను విడిగా పరీక్షించాలి. ఎదురుకాల్పులు. సమాసం విప్పండి: ఎదురుగా జరిగిన కాల్పులు. అవతలివాళ్లూ కాల్చారన్న వాదం ఆ మాట గర్భంలోనే ఉంది. ‘ఎదురుకాల్పుల్లో మృతి’ అని శీర్షిక పెట్టగానే ఆత్మరక్షణ వాదన పూర్తయిపోయింది, కోర్టుకు పని లేదు. అమెరికాలో పోలీసులు కాల్చి చంపినదాన్ని పోలీసుల ప్రమేయమున్న కాల్పులు అని చుట్టు తిప్పి రాసే అలవాటు ఉండేది. అసోసియేటెడ్ ప్రెస్ తన శైలి పుస్తకంలో 2020లో ఆ పదబంధం వాడొద్దనీ, ఎవరు ఏం చేశారో నేరుగా రాయాలనీ చెప్పింది. మన మాట ఆ చుట్టు కంటే గట్టిది. రెండు పదాలకు మధ్య సందు కూడా లేదు.

2015 ఏప్రిల్ 7. శేషాచలం అడవుల్లో, చీకటీగలకోన, సచ్చినోడిబండ దగ్గర ఎర్రచందనం టాస్క్‌ఫోర్సు కాల్పుల్లో ఇరవై మంది చనిపోయారు. వాళ్లంతా తిరువణ్ణామలై, ధర్మపురి వంటి జిల్లాల నుంచి వచ్చిన తమిళులు. చెట్లు నరికే కూలికి వచ్చారు. చాలామంది పేద గిరిజనులు, వెనకబడిన కులాలవాళ్లు. ఒకే చావును రెండు వైపుల నుంచి చూసే అవకాశం ఇట్లాంటి చోటే దొరుకుతుంది. ఇవతల, తెలుగు పేజీల్లో, వాళ్లకు దొరికిన నామవాచకం ‘స్మగ్లర్లు’, మరికాస్త దయ చూపితే ‘ఎర్రచందనం కూలీలు’. అవతల, తమిళ పేజీల్లో, వాళ్లు ‘తమిళులు’, ‘మనవాళ్లు’. స్మగ్లరు అన్నవాడికి ఇంటి దగ్గర పెళ్లాం పిల్లలున్నారని ఎవరికీ గుర్తు రాదు. కూలీకి ఉంటారు. వాళ్లను ముందురోజే బస్సులోంచి దించి పట్టుకుపోయారని తప్పించుకున్న సహచరులు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు చెప్పారు. ఆ సాక్ష్యం బయటికి రావడానికి తమిళ విలేకరులు, అక్కడి హక్కుల సంఘాలవాళ్లు కొండ ఊళ్లకు పోయి, ఎవరు ఏ రోజు ఏ బస్సు ఎక్కారో అడిగారు. ఇరవై అనే సంఖ్యను మళ్లీ ఇరవై మందిగా విప్పడమే వాళ్లు చేసిన పని. మన ఆళ్లగడ్డ పక్కన రుద్రవరం రేంజిలోనూ ఎర్రచందనం ఉంది. అడవిలో పట్టుబడ్డ కూలీల వార్తలు ఇక్కడి పేజీలకు కొత్త కావు. తమిళ పేరు కనబడగానే వాక్యం ఎట్లా తిరుగుతుందో చూడాలనుకునేవాళ్లకు చేతికందే దూరంలోనే ఉంది.

నంద్యాల సంగతి ఇంకా దగ్గరిది. చెప్పడానికి కష్టమైనదీ. 2020 నవంబరు 3న పాణ్యం మండలం కౌలూరు దగ్గర రైలు పట్టాల మీద నంద్యాలకు చెందిన ఒక ఆటో డ్రైవరు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు ప్రాణాలు వదిలారు. అంతకు ముందు ఆయన నగల దుకాణంలో పని చేసేవారు. అక్కడ బంగారం పోయిన కేసులో జైలుకు వెళ్లి బెయిలు మీద వచ్చారు. తర్వాత ఆటోలో ప్రయాణికుడి డబ్బు పోయిందని మళ్లీ పిలిచారు. ముస్లిం కుటుంబం. మొదటి రోజుల్లో చేతికందే వివరాలు ఇవే. వీటితో అలవాటు ప్రకారం వార్త కడితే పునాదిరాయి చోరీ అవుతుంది, చావు దాని ఫలితమవుతుంది. కొద్ది రోజులకు ఆ కుటుంబం ముందే ఫోనులో తీసుకున్న చిన్న వీడియో బయటికి వచ్చింది. ఆ దొంగతనాలతో తనకు సంబంధం లేదని, పోలీసుల వేధింపు తట్టుకోలేకపోతున్నామని, తమకు సాయం చేసేవాళ్లు లేరని ఆయన అందులో చెప్పారు. భార్యాపిల్లలు పక్కనే ఉన్నారు.

దాన్ని నేను పనితనమని అనలేను. అది నలుగురి చివరి మాట. కాని వార్తకు కావలసిన ప్రతి భాగమూ ఆ కొద్ది క్షణాల్లో ఉందన్నది నిజం. ఎవరు, ఏ నింద, ఆ నిందకు జవాబు, ఎవరి వల్ల, ఎందుకు ఎవరి దగ్గరికీ పోలేకపోయారు. ఆ వీడియో వచ్చాక వాక్యంలో కర్త మారాడు. అప్పటిదాకా ‘నిందితుడు’ కర్త, తర్వాత ‘సీఐ’ కర్త. సీఐని, ఒక హెడ్ కానిస్టేబుల్‌ని సస్పెండ్ చేసి అరెస్టు చేశారు. తర్వాత వాళ్లకు బెయిలు వచ్చింది. వేధింపు జరిగి ఉంటే అది వీడియోకు ముందూ ఉన్నదే. లేనిదల్లా ఆ ఇంటి మాటను వార్తలోకి తెచ్చిన వాక్యం. ఎవరైనా ఆ గడప తొక్కి, ‘పోలీసులు ఎన్నిసార్లు పిలిచారు? ఎవరు పిలిచారు?’ అని అడిగి రెండు ముక్కలు రాసి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

శీర్షికకు ఇక్కడ రెండు దారులున్నాయి. ‘ఆటో డ్రైవరు కుటుంబం’, ‘ముస్లిం కుటుంబం’. రెండూ నిజమే. మొదటిది పేదరికం తలుపు తీస్తుంది. రెండోది, నగల దుకాణంలో వస్తువు పోతే అనుమానం ముందు ఎవరి మీదికి పోతుందన్న ప్రశ్నకు తలుపు తీస్తుంది. అదే ఏడాది జులైలో చీరాలలో మాస్కు లేదని ఆపిన యువకుడు పోలీసుల చేతుల్లో దెబ్బతిని చనిపోయారన్న ఆరోపణ వచ్చినప్పుడు, సీతానగరం స్టేషనులో మరో యువకుడికి గుండు కొట్టించినప్పుడు, ‘దళిత యువకుడు’ అన్న మాట గట్టిగా వినబడింది. ఆ మాట అచ్చులోకి రావడానికి దళిత ఉద్యమాలు చాలా ఏళ్లు కొట్లాడాయి. గుర్తింపు ఎప్పుడు రాయాలన్నదానికి మంచి డెస్కు పాటించే కొలత ఒకటుంది: దెబ్బ తగలడానికి అది కారణమైందా అని అడగాలి, అయితే రాయాలి. నేరం మోపడానికి మాత్రమే పనికొస్తుంటే కొట్టెయ్యాలి. ఈ చిన్న కొలత చేతిలో ఉంటే సగం తప్పులు పోతాయి.

సీమలో ఇంకో తేడా కనబడుతుంది. ఇక్కడ ముఠా తగాదాల్లో ఉన్నవాళ్ల మీద పోలీసులు చెయ్యి చేసుకుంటే వార్తలో రెండు వైపుల మాటా పడుతుంది. ఆ మనిషికి వెనక నాయకుడుంటాడు, నాయకుడికి పార్టీ ఉంటుంది, పార్టీకి అనుకూలమైన పత్రిక ఉంటుంది. అదే పోలీసు దెబ్బ ఏ పార్టీ అధికారంలో ఉందన్నదాన్ని బట్టి ఒకచోట బ్యానరు, ఇంకోచోట సింగిల్ కాలం అవుతుంది. తండా సుగాలికి, ఎరుకల ఇంటికి, సందులోని ఆటో డ్రైవరుకు ఆ వరుసలో ఎవరూ ఉండరు. వాళ్ల తరఫున ఫోను చేసే నోరు లేకపోతే, మండలం నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటరుకు దొరికే ఏకైక మూలం స్టేషనే. ఆ కంట్రిబ్యూటరుకూ నెల జీతమంటూ ఉండదు. రేపు ఇంకో వార్తకు ఆ స్టేషను మెట్లే ఎక్కాలి. ఈ ఇరుకులో నిలబడి కూడా నిజాన్ని నిలబెట్టినవాళ్ల పని అందుకే అంత విలువైంది.

డెస్కులో ఎవరున్నారన్నదీ కట్టుబడిలో భాగమే. 1996లో ‘వాషింగ్టన్ పోస్ట్’ ఢిల్లీ విలేకరిగా ఉన్న కెన్నెత్ కూపర్ ఆఫ్రికన్ అమెరికన్. తనకు ఒక దళిత విలేకరిని చూపించమని ఆయన ఢిల్లీ పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్‌ను అడిగారు. ఉనియాల్ నవ్వి ఊరుకోలేదు. కేంద్ర ప్రభుత్వం అక్రెడిటేషన్ ఇచ్చిన విలేకరుల జాబితా తీశారు. 686 మంది. ఇంటి పేర్లే కులం చెబుతున్నవాళ్లు 454 మంది. మిగిలినవాళ్లలో 47 మందికి ఫోన్లు చేశారు. ఒక్క దళితుడూ దొరకలేదు. 1996 నవంబరులో ‘పయొనీర్’లో అది రాశారు. జాతి భేదాన్ని సొంత ఇంట్లో చూసిన మనిషికి వచ్చిన ప్రశ్న, మన ఇంట్లో ఉన్నదాన్ని మనకు చూపించింది. జాబితా, ఇంటి పేరు, టెలిఫోను. ఇంతకంటే పనిముట్లు ఏమీ వాడలేదు.

పనిముట్ల మాటకొస్తే నేను ఎప్పటికీ మరవలేనిది ఐడా బి. వెల్స్. బానిసత్వం రద్దయిన తరానికి చెందిన అమెరికా నల్లజాతి పాత్రికేయురాలు. గుంపులు నల్లవాళ్లను చెట్లకు వేలాడదీసి చంపుతుంటే, వాళ్లు తెల్ల స్త్రీలను చెరిచారు కాబట్టి జనం ఆగలేకపోయారని పత్రికలు రాసేవి. వెల్స్ 1895లో ‘ఎ రెడ్ రికార్డ్’ అనే చిన్న పుస్తకం వేశారు. లెక్కలు తను సేకరించినవి కావు. తెల్లవాళ్ల పత్రిక ‘షికాగో ట్రిబ్యూన్’ ఏటా వేసే జాబితానే తీసుకున్నారు. ఆమె చేసిందల్లా పేర్లను మోపిన నేరం కింద వరుసలుగా పేర్చడం. పేర్చగానే, అత్యాచారం నింద అయినా ఉన్నవాళ్లు మూడో వంతు దగ్గరే తేలారు. మిగిలినవాళ్లు ఏవేవో కారణాలకు, కొందరు ఏ కారణమూ లేకుండానే చనిపోయారు. ఆ లెక్క తప్పని ఎవరూ అనలేకపోయారు, ఎందుకంటే అది వాళ్లదే. ఎదుటివాడి గోడలోంచి తీసిన రాయితోనే గోడ అబద్ధమని చూపించిన కౌశలం అది.

అదే దారిలో 2015లో ‘వాషింగ్టన్ పోస్ట్’ పోలీసుల కాల్పుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరికీ ఒక వరుస కేటాయించి పట్టిక మొదలుపెట్టింది. వయసు, జాతి, చేతిలో ఆయుధముందా, పారిపోతున్నారా, పోలీసు ఒంటి మీద కెమెరా ఉందా అని గడులు. ఏడాదికి సుమారు వెయ్యి మంది అని తేలింది. ప్రభుత్వ లెక్కల్లో అందులో సగం కూడా లేరు. లేని చోట పెట్టాలని ఇందాక చెప్పిన గడి ఇలాంటిదే. మన నేర గణాంకాల్లో కస్టడీ మరణాలకు రాష్ట్రం, చెప్పిన కారణం ఉంటాయి. జైళ్ల గణాంకాల్లో ఖైదీల కులం, మతం ఉంటాయి. కస్టడీలో పోయినవాళ్ల పక్కన మాత్రం ఆ గడి లేదు. జైలు రిజిస్టరులో కులం గడి మనిషిని ఏ పనికి పంపాలో తేల్చేది కాబట్టి తీసేయాలి. చావుల పట్టికలో ఎవరు ఎక్కువ చనిపోతున్నారో చూపేది కాబట్టి ఉండాలి.

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయిన రాత్రి పోలీసులు ఇచ్చిన ప్రకటన కూడా మన నమూనా వార్త లాంటిదే. పోలీసులు మాట్లాడుతుండగా ఒక మనిషికి ఆరోగ్య సమస్య వచ్చి మరణించాడన్నది దాని శీర్షిక సారాంశం. ఆయన మెడ మీద పోలీసు ఆనించిన మోకాలి ఊసు లేదు. పదిహేడేళ్ల డార్నెల్లా ఫ్రేజియర్ ఫోనులో తీసిన వీడియో లేకపోతే అదే చరిత్ర అయ్యేది. మరుసటి ఏడు పులిట్జర్ బోర్డు ఆమెకు ప్రత్యేక ప్రశంస ఇచ్చింది. ఆమె కెమెరా కదలకుండా పట్టుకుని నిలబడ్డారు.

వీడియో లేనిచోట ఏం చెయ్యాలి? ఇక్కడే మంచి కంట్రిబ్యూటరు చేతికి న్యాయస్థానాలు పనిముట్లు ఇచ్చాయి. తెలుగు విలేకరుల వాడుకలో ఒక మాట ఉంది: ‘అరెస్టు చూపించారు’. ఎంత నిజాయితీగల మాట! పట్టుకున్నది ఒక రోజు, చూపించింది ఇంకో రోజు అని అందరికీ తెలిసే పుట్టింది. ఆ రెండు రోజుల నడుమనే దెబ్బలన్నీ పడతాయి. ఆ సందును కొలిచే బద్ద 1996 డిసెంబరు 18న డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన పదకొండు సూచనలు. అరెస్టు మెమో మీద సమయం ఉండాలి, ఇంటివాళ్లో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, బంధువులకు తెలపాలి, నలభై ఎనిమిది గంటలకోసారి వైద్య పరీక్ష జరగాలి. ఒక్కొక్క సూచనా ఒక్కొక్క ప్రశ్న అవుతుంది. మెమో మీద టైమెంత? సంతకం ఎవరిది? కస్టడీలో మరణిస్తే ఇరవై నాలుగు గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలి, తెలిపారా? 2005 చట్ట సవరణతో వచ్చిన నిబంధన ప్రకారం జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ జరగాలి, మొదలైందా? ఈ ప్రశ్నలకు ధైర్యం కంటే ఓపిక ఎక్కువ కావాలి. సీఐ కోప్పడటానికి వీల్లేదు, అడిగినవి ఆయన రిజిస్టర్లలోనే ఉండాలి కాబట్టి.

‘ఎదురుకాల్పులు’ అన్న సమాసాన్ని కోర్టులు కూడా విప్పి చూశాయి. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పౌరహక్కుల సంఘం వేసిన కేసులో, ఎన్‌కౌంటరులో మనిషి చనిపోతే చంపినవాళ్ల మీద కేసు నమోదు చేయాల్సిందేనని, ఆత్మరక్షణో కాదో విచారణలో తేలాలని చెప్పింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు నిలిపేసింది. 2014లో సుప్రీంకోర్టే పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని కాల్చి చంపిన రోజు జనం పోలీసుల మీద పూలు చల్లారు. రెండున్నరేళ్లకు బయటికి వచ్చిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని చెప్పింది. నలుగురూ లారీ మీద బతికే పేదలు. ముగ్గురు మైనర్లని కూడా అది తేల్చింది. పోలీసుల ఒక్కో వాదననూ సాక్ష్యాలతో సరిచూసిన ఆ నివేదికను విలేకరి కావాలనుకునే ప్రతివాళ్లూ చదవాలి.

ఇప్పుడు మొదటి నమూనాను అదే రాయితో మళ్లీ కడతాను. కొత్త రాయి తేను. అడగగలిగినవి అడిగితే చాలు:

‘పోలీసుల అదుపులో ఉన్న ఆటో డ్రైవరు ఒకరు (35) బుధవారం రాత్రి ఆసుపత్రిలో మరణించారు. సోమవారం రాత్రి పదింటికి ఇద్దరు కానిస్టేబుళ్లు ఇంటికి వచ్చి ఆయన్ను తీసుకుపోయారని భార్య చెప్పారు. బుధవారం సాయంత్రం అదుపులోకి తీసుకున్నామని సీఐ చెప్పారు. అరెస్టు మెమో చూపమని కోరగా ఇంకా రాయలేదన్నారు. మృతదేహం వీపు మీద, అరికాళ్ల మీద కమిలిన గుర్తులున్నాయని భార్య చెప్పారు. గుండెపోటు వచ్చిందని సీఐ చెప్పారు. పోస్టుమార్టం ఈరోజు జరుగుతుంది. గతంలో ఆయన మీద ఒక చోరీ కేసు నమోదు కాగా, కోర్టు దాన్ని కొట్టేసింది.’

ఎనిమిది వాక్యాలు. పాతదానికంటే రెండు ఎక్కువ. విశేషణం ఒక్కటీ లేదు, ఏడుపు లేదు, తీర్పు లేదు. సోమవారానికీ బుధవారానికీ నడుమ రెండు రోజులు ఖాళీగా కనిపిస్తున్నాయి, అంతే. చోరీ మొదటి రాయిగా ఉన్నది చివరికి పోయింది, దాని పక్కన కోర్టు మాట వచ్చి నిలిచింది. సింగిల్ కాలంలో సరిపోతుంది. ఇది రాసిన కంట్రిబ్యూటరు, డెస్కుకు పంపాక, డైరీలో పోస్టుమార్టం నివేదిక వచ్చే తేదీ రాసుకుని దాని కింద గీత గీస్తారు.